నిద్రకు ఇద్దరు సాక్షులు

జాగర్లమూడి పానకాలుకు జాగరణ ఇంటిపేరులో తప్ప ఒంట్లో లేదు. ఆయన ఆవులపాడు రిజిస్ట్రారాఫీసులో సీనియర్ అసిస్టెంటు. ఆ ఊరికి ఆ పేరు ఆవుల వల్ల వచ్చిందని పెద్దలంటారు. ఆ ఆఫీసు గడప తొక్కినవాళ్లు మాత్రం ఆవులింతల వల్ల వచ్చిందని ఒట్టేసి చెబుతారు.

అల్లాటప్పా నిద్ర కాదు ఆయనది. కుడిచేతిలో కలం, ఎడమచెయ్యి దస్తావేజు మీద, గడ్డం ఛాతీకి ఆనీ ఆననట్టు, కళ్లు మూసీ మూయనట్టు. దూరం నుంచి చూస్తే సర్వే నంబరు సరిచూస్తున్నాడనిపిస్తుంది. దగ్గరికొస్తే సన్నగా గురక వినిపిస్తుంది. ఎదుటివాడు దగ్గితే చాలు, కలం దానంతటదే కదిలి పొడి అక్షరాలు పెట్టేస్తుంది. ముప్ఫై ఏళ్ల సర్వీసులో ఒక్క అక్షరం తప్పు పోలేదు. పోయిందంటే అది ఆయన మెలకువగా ఉన్న రోజే పోయుండాలి.

ఆఫీసు గేటుకు ఎదురుగా ఆయన భార్య వెంకాయమ్మ కర్రీ పాయింటు నడుపుతుంది. పేరు వెంకాయమ్మ, పేరు తెచ్చింది వంకాయ. పొలాలు అమ్ముకునేవాళ్లూ కొనుక్కునేవాళ్లూ బేరంలో ఎంత కొట్టుకున్నా, ఆమె గుత్తొంకాయ దగ్గర రాజీపడేవారు. పానకాలు జీతం గవర్నమెంటు ఇస్తే, పానకాలుకు అన్నం మాత్రం ఆ కొట్టే పెట్టింది. అందుకని ఆ ఇంట్లో ఎవరి ఉద్యోగం అసలుదో, ఎవరిది కొసరుదో పక్కింటివాళ్లకు కూడా తెలుసు.

ఇంత సుఖంగా సాగే సంసారంలోకి ఒకరోజు సర్క్యులర్ వచ్చిపడింది.

సర్క్యులర్ అంటేనే గుండ్రంగా తిరిగేదని. ఇది ఎక్కడో విదేశంలో పుట్టి, శిక్షణ తరగతుల చుట్టూ తిరిగి, శాఖ కమిషనర్ ప్రద్యుమ్నరాజు గారి తలకు చుట్టుకుంది. ఆయన వారం రోజులు చల్లని ఊళ్లో శిక్షణకెళ్లి చల్లటి కబురు మోసుకొచ్చారు. మనిషి ఆగకుండా పనిచేస్తే అలిసిపోతాడట. ఇరవై ఐదు నిమిషాలు మనసు పెట్టి పనిచేసి, ఐదు నిమిషాలు హాయిగా విశ్రాంతి తీసుకుంటే పని రెట్టింపవుతుందట. అక్కడి పంతులు టమాటా ఆకారంలో ఉండే చిన్న అలారం గడియారం బల్ల మీద పెట్టి మరీ చూపించాడట.

మాట మంచిదే. మన దగ్గర మంచి మాటకు ఒకటే గండం. అది ఉత్తర్వు అయిపోతుంది.

'ఉత్పాదకతా సంవర్ధక సమీకృత శ్రమ విశ్రమ విధానము' అని ఉత్తర్వు వెలువడింది. దాని కింద, ప్రతి ఉద్యోగి బల్లకు ఒక టమాటా సరఫరా చేయవలెనని కమిషనర్ గారు స్వహస్తాలతో రాశారు. గడియారం అని రాయడం మరిచారు. స్టోర్సు విభాగం వారు ఉత్తర్వులో లేని మాటను ఊహించడం నేరమనుకునే జాతి. టెండర్లు పిలిచారు. ఆవులపాడు ఆఫీసుకు రెండు బుట్టల టమాటాలు దిగాయి.

సబ్ రిజిస్ట్రారు కొల్లిపర వామనమూర్తి మనిషి వామనుడు, మాట త్రివిక్రముడు. ఆయన బల్లబల్లకూ ఒక టమాటా పెట్టించి, దాని మీద తెల్లరంగుతో నంబరు వేయించాడు.

"ఇది ప్రభుత్వ ఆస్తి. తినరాదు, తీయరాదు, నొక్కరాదు" అని ప్రకటించాడు.

"కుళ్లితేనో అండీ?" అడిగాడు అటెండరు ఏసోబు.

"కుళ్లుటకు పైనుంచి అనుమతి రావలెను."

అనుమతి రాకముందే అవి కుళ్లాయి. కాలం చెప్పాల్సిన టమాటాలకు కాలం చెల్లింది. ఇక లాభం లేదని వామనమూర్తి పాత ఇత్తడి గంటను దులిపించి ఏసోబు చేతికిచ్చాడు. అప్పట్నుంచీ ఆ ఆఫీసులో గంటకు నాలుగు గంటలు. రెండు పనికి, రెండు విశ్రాంతికి.

మొదటిరోజు పొద్దున పానకాలు అలవాటు ప్రకారం ఒక తాకట్టు దస్తావేజు ముందేసుకుని, కలం పట్టుకుని, మొదటి కునుకు తీశాడు. అది తియ్యగా పాకాన పడుతుండగా చెవి పక్కన గంట ఖణేల్మంది.

"విశ్రాంతీ!" అని కేకేశాడు ఏసోబు.

అందరూ తలలు బల్లల మీద వాల్చారు. పానకాలు మాత్రం గుడ్లగూబలా చూస్తూ కూర్చున్నాడు. కళ్లు మూశాడు. తెరుచుకున్నాయి. మళ్లీ మూశాడు. మళ్లీ తెరుచుకున్నాయి. ఆయనకు నిద్ర పట్టాలంటే చెయ్యాల్సిన పని ఎదురుగా ఉండాలి. పని లేనప్పుడు పడి నిద్రపోవడానికి ఆయనేమన్నా సోమరా? ఆదివారం మధ్యాహ్నం ఇంట్లో మంచం మీద కూడా ఆయనకు ఏనాడూ రెప్ప వాలలేదు. ఇప్పుడు గంట కొట్టి, పద్దు వేసి, నిద్రే నీ పని అంటే, నిద్ర ఎందుకొస్తుంది? నిద్రపోయేవాడికి నిద్ర పోయింది.

అయినా దానివల్ల ఎవరికీ నష్టం లేదు, రెండో సర్క్యులర్ వచ్చేదాకా. 'సిబ్బంది విశ్రాంతి తీసుకొనుచున్నట్లు తగిన రుజువు సమర్పించవలెను' అన్నది దాని సారం.

ఇంకో శాఖవాళ్లయితే ఫొటో తీసి పంపేవారు. వీళ్లు రిజిస్ట్రారాఫీసువాళ్లు. తాము పుట్టామని కూడా సాక్షులుంటే తప్ప నమ్మరు. వామనమూర్తి సిబ్బందిని సమావేశపరిచాడు.

"ఒక మనిషి తన ఇల్లు అమ్మేశానంటే నోటిమాట మీద నమ్ముతున్నామా?"

"లేదండి."

"ఇద్దరు సాక్షులు కావాలంటున్నాం. ఇల్లు కంటికి కనబడే వస్తువు. నిద్ర కనబడదు. కనబడే దానికే ఇద్దరైతే, కనబడని నిద్రకు ఇద్దరు లేకపోతే ఎట్లా?"

అలా ఆవులపాడులో నిద్ర రిజిస్ట్రేషన్లు మొదలయ్యాయి. ప్రతి విశ్రాంతికీ ఒక దస్తావేజు. ఫలానా వారి కుమారుడు ఫలానా వారు, పూర్ణ స్పృహతో, ఎవరి బలవంతమూ లేకుండా, తన ఇష్టపూర్వకంగా నిద్రించినది. ఆస్తి దస్తావేజుకు హద్దులుండాలి కదా, నిద్రకూ హద్దులు రాశారు. తూర్పు, ఇనప బీరువా. దక్షిణం, ఏసోబు స్టూలు. పడమర, పెచ్చులూడిన గోడ. ఉత్తరం, సబ్ రిజిస్ట్రారు గారి గది. ఈ చతుస్సీమల మధ్య గల నిద్ర సర్వహక్కులతో తమదేనని వేలిముద్ర.

సాక్షులెవరన్నది తర్వాతి చిక్కు. ఒకరి నిద్రకు ఇంకొకరు సాక్షిగా ఉండాలంటే ఆ ఇంకొకరు మెలకువగా ఉండాలి. మెలకువగా ఉంటే అతని విశ్రాంతి భంగమవుతుంది. దాన్ని తేల్చినవాడు గేటు పక్క రేకుల షెడ్డులో కూర్చునే దస్తావేజు లేఖరి మస్తాను. ఎవరి దస్తావేజుకైనా చాయ్ ఇప్పిస్తే సాక్షి సంతకం పెట్టే మనుషులు అతని చేతిలో నలుగురున్నారు. వాళ్లను లోపలికి తోలాడు. ముక్కూ మొహం తెలియని అమ్మకాలకు సంతకాలు పెట్టి పెట్టి విసిగిపోయిన ఆ నలుగురూ, కళ్లారా చూసి సంతకం పెట్టడం ఇదే మొదటిసారని ఎంతో సంబరపడ్డారు.

వీటన్నిటి మీదా అజమాయిషీకి జిల్లా నుంచి ఒక విశ్రాంతి పర్యవేక్షకుడు దిగాడు. కుర్రవాడు. పేరు నిశాంత్. విశ్రాంతికి నిశాంత్ వచ్చాడు, ఆఫీసుకు ప్రశాంతి పోయింది. మెడలో టై, చేతిలో టార్చి. గంట కొట్టగానే బల్లల మధ్య పిల్లిలా తిరుగుతూ, అనుమానం వచ్చిన కనురెప్పను వేలితో ఎత్తి టార్చి వేసేవాడు. నిజంగా నిద్రపోయినవాడు దాంతో లేచి కూర్చునేవాడు. లేచాడు కనుక నిద్రపోలేదని నిశాంత్ రాసుకునేవాడు. ముందే మెలకువగా ఉన్నవాడు కదలకుండా ఉండేవాడు. అతని నిద్ర గాఢమని నిశాంత్ మెచ్చుకునేవాడు.

కానీ పానకాలు దగ్గర రెప్ప ఎత్తాల్సిన పనే లేదు. రెప్పలు ఎత్తే ఉన్నాయి.

"సార్, మీరు విశ్రాంతిలో నిర్లక్ష్యం కనబరుస్తున్నారు" అన్నాడు నిశాంత్.

"రావట్లేదు బాబూ."

"ఇది మీ వ్యక్తిగత నిద్ర కాదు సార్. ప్రభుత్వ నిద్ర. మూడు మెమోలైతే మద్దిలోవ బదిలీ. ప్రొసీజర్."

మద్దిలోవ అంటే కొండల నడుమ ఉన్న శాఖాఫీసు. అక్కడ భూములు కొనేవాళ్లు లేరు, అమ్మేవాళ్లు లేరు. ఉన్నవన్నీ ఎలుగుబంట్లు. అవి హద్దులు పెట్టుకుంటాయి గానీ రిజిస్టరు చేయించుకోవు.

ఆ సాయంత్రం మొదటి మెమో సంగతి విని వెంకాయమ్మ గరిటె కింద పడేసింది.

"ఏందయ్యా ఇది? ముప్ఫై ఏళ్లు ఆఫీసులో నిద్రపోతన్నావని నెత్తీ నోరూ కొట్టుకున్నా. అప్పుడు వద్దంటే పోయావు. ఇప్పుడు జీతమిచ్చి పొమ్మంటే పోవా?"

"రాంది ఎట్టా పోనే?"

"నువ్వు మద్దిలోవ పోతే నేనేం గావాలి? కొట్టు మూసి నీ ఎనకాల రావాలా? ఆడ ఎలుగుబంట్లకి గుత్తొంకాయ వడ్డించాలా?"

"పోనీ నువ్విక్కడే ఉండు."

"ఉంటే నీకు అన్నం ఎవరు పెడతారయ్యా? ఒక్కపూట గంజి వార్చుకోటం రాదు నీకు. నేనొస్తే కొట్టు పోద్ది, నేనుంటే నువ్వు పోతావు." ఆమె గరిటె ఏరుకుని కొంగుతో తుడిచింది. "ఈ కొట్టు మా అమ్మ పొయ్యి మీద మొదలైంది. దాన్ని నీ నిద్ర చేతుల్లో పెట్టుకున్నా, నా ఖర్మ కొద్దీ."

మర్నాటి నుంచి ఇంట్లో తర్ఫీదు మొదలైంది. పొద్దున్నే మీగడ పెరుగన్నం గిన్నెడు పెట్టి, మంచం మీద కూర్చోబెట్టి, కంచం మీద గరిటెతో గంట కొట్టేది. "పో" అనేది. పానకాలు ప్రాణం బిగబట్టి కళ్లు మూసుకునేవాడు. "పోయావా?" అనడిగేది. "ఇంకా లేదు" అనేవాడు. గసగసాలు నూరి పాలల్లో పోసింది. తలకు ఆముదం దట్టించింది. పొట్ట పెరిగింది, జుట్టు నిగనిగలాడింది, నిద్ర మాత్రం అంగుళం దగ్గరికి రాలేదు.

చివరికి నటనే దిక్కనుకున్నాడు. తర్వాతి గంటకు తల వాల్చి, నోరు కాస్త తెరిచి, ముప్ఫై ఏళ్ల అనుభవమంతా కూడగట్టి ఒక గురక వదిలాడు. నిశాంత్ చెవి దగ్గర పెట్టి విన్నాడు. టార్చి వేశాడు.

"గురక బావుంది సార్. కనుగుడ్డు బాలేదు. ఆలోచిస్తోంది."

రెండో మెమో.

ఈ లోపల ఆఫీసులో పనికి కొత్త రూపం వచ్చింది. ఒక విశ్రాంతికి దస్తావేజు రాసి, హద్దులు సరిచూసి, సాక్షుల సంతకాలు తీసి, ముద్ర కొట్టేసరికి తర్వాతి పని వేళ మొత్తం దానికే సరిపోయేది. అది ముగించి నడుం వాల్చేసరికి మళ్లీ విశ్రాంతి గంట. పని వేళంతా విశ్రాంతి పనే. విశ్రాంతి వేళ విశ్రాంతే. కక్షిదారులు వరండాలో బారులు తీరి కూర్చునేవాళ్లు. పొలాలు కొన్నవాళ్లకు పొలం రాకముందే పంట కోతకొచ్చేది.

ఒకరోజు చెంచమ్మ అనే పాలమ్ముకునే ముసలావిడ వచ్చింది. మూడు గేదెల పాలు పిండి పిండి కూడబెట్టి ఊరిచివర చిన్న స్థలం కొనుక్కుంది. పంతులు గారు ముహూర్తం పెట్టిచ్చారు. ఆవులపాడు చుట్టుపక్కల పెళ్లికి ముహూర్తం తప్పినా ఊరుకుంటారు గానీ, స్థలం మీద వేలిముద్రకు ముహూర్తం తప్పితే ఊరుకోరు. ఆ వేళకు వేలు పడాలి. సంతకం ఆనక వర్జ్యంలో పడినా ఫర్వాలేదు. సరిగ్గా ఆ ముహూర్తానికే ఏసోబు గంట కొట్టాడు.

తలలన్నీ వాలాయి. నలుగురు సాక్షులూ కళ్లు విప్పార్చుకుని నిలబడ్డారు. నిశాంత్ వామనమూర్తి గది లోపల రెప్పలు తనిఖీ చేస్తున్నాడు. చెంచమ్మ కిటికీ ఊచలు పట్టుకుంది.

"అయ్యా, ముహూర్తం దాటిపోతాందయ్యా! మళ్లీ మాఘం దాకా లేదంట. ఒక్క ఏలు ఏయించుకోండయ్యా, మీకు పున్నెముంటది!"

పానకాలు అటూ ఇటూ చూశాడు.

"ఉష్... మెల్లిగా పెద్దమ్మా. ఇంత నిశ్శబ్దంగా పడుకున్నారు, ఏకాగ్రత చెడుద్ది. చెయ్యి ఇటివ్వు."

ఇంకు ప్యాడు తీసి, ఊచల మధ్యనుంచి ఆమె బొటనవేలు పట్టుకుని దస్తావేజు మీద ఒత్తాడు. ఆ వేలు పాలు పిండి పిండి గీతలు అరిగిపోయింది. రెండోసారి ఒత్తితే గానీ ముద్ర పడలేదు. చెంచమ్మ ఆ సిరా వేలినే కళ్లకద్దుకుంది. పానకాలుకు ఛాతీలో ఏదో కదిలింది. గ్యాసు కాబోలనుకున్నాడు. కాదు. ఉద్యోగంలో చేరాక మెలకువలో చేసిన మొదటి పని అది.

పని మొదలుపెట్టాక ఊరికే కూర్చోవడం కష్టమైంది. నిశాంత్ లోపలి గదిలో రెప్పలు చూసొచ్చేలోపే కిటికీ పని ముగించేవాడు. మర్నాడు ఇంకొకరు. మూడోనాడు ఆరుగురు. మస్తాను షెడ్డులో రహస్యంగా ప్రచారం చేశాడు.

"పని టైములో వెళ్లమాకండి, పని కాదు. విశ్రాంతి గంట కొట్టాక కిటికీ దగ్గరికెళ్లండి. పానకాలన్న ఉంటాడు. దగ్గాల్సిన పన్లేదు, అన్న మేలుకునే ఉంటాడు!"

పంతులు గారు రాహుకాలం, వర్జ్యం పక్కన విశ్రాంతి కాలం కూడా లెక్కగట్టి, అది శుభమని రాసివ్వడం మొదలుపెట్టారు. పానకాలుకు ఇంకో మేలు జరిగింది. విశ్రాంతి వేళ పనిచేసి అలిసిపోయాక, పని వేళ బల్ల మీద నిద్రల దస్తావేజులు గుట్టగా పడివుండేవి. పని ఎదురుగా ఉంది కదా, ఆ గుట్ట చూడగానే పాత నిద్ర పరుగెత్తుకుంటూ వచ్చి ఒళ్లో కూర్చునేది. శ్రమ ఉంది, విశ్రమ ఉంది, ఫలితం ఉంది. విధానం ఏం చెప్పిందో అక్షరాలా అదే. ఒక్క గంటల సంగతే తిరగబడింది.

నెల తిరిగేసరికి జిల్లా మొత్తంలో దస్తావేజుల పరిష్కారంలో ఆవులపాడు ముందుంది. కమిషనర్ ప్రద్యుమ్నరాజు గారు ఆ అంకె చూసి కుర్చీలోంచి లేచారు. ఈ అద్భుతాన్ని స్వయంగా చూడాలని కారెక్కారు.

వారు కారు దిగిన వేళకు విశ్రాంతి గంట మోగింది. ఆఫీసంతా ఆదర్శంగా తలలు వాల్చి ఉంది. కిటికీ దగ్గర మాత్రం ఒక మనిషి మోచేతుల దాకా సిరాతో, ఊచల బయట పది వేళ్లు వరుసగా పట్టుకుని ఒత్తుతున్నాడు. ఆవేళే ఆయన్ని పట్టుకున్న నిశాంత్ పక్కన నిలబడి మూడో మెమో రాస్తున్నాడు.

అప్పటికప్పుడు వామనమూర్తి గదిలో విచారణ పెట్టారు.

"మీరు పని వేళలో నిద్రించినారా?" కమిషనర్ గారు గంభీరంగా అడిగారు.

"పోయానండి."

"విశ్రాంతి వేళలో పని చేసినారా?"

"చేశానండి."

"మొదటిది క్షమార్హము. అది మానవ సహజం. రెండోది మాత్రం ఈ శాఖ చరిత్రలోనే లేదు." ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "పనిదొంగలను ఎందరినో చూశాను. పనిని దొంగతనంగా చేసేవాణ్ణి ఇప్పుడే చూస్తున్నాను."

"కానీ సార్, ఆ అంకె..." అని వామనమూర్తి గొణిగాడు.

"అంకె విధానానిది. అపరాధం వ్యక్తిది. రెంటినీ కలపరాదు." కమిషనర్ గారు కలం తీశారు. "మద్దిలోవ."

అప్పుడే సార్లకు భోజనం క్యారేజీ తెచ్చిన వెంకాయమ్మ గుమ్మంలో నిలబడి ఉంది. మద్దిలోవ అన్న మాట వినబడగానే క్యారేజీ నేల మీద పెట్టి లోపలికొచ్చేసింది.

"బాబుగారూ, నా మాట ఒక్కటి ఇనండి. ఆయన పొగరుబట్టి చెయ్యలేదండి. గంట కొడితే ఆయనకి నిద్ర రాదు. నేను కొట్టి చూశా. కంచం కొట్టి చూశా, గిన్నె కొట్టి చూశా, ఆయన్ని కూడా ఒకటి కొట్టి చూశా. ఇంత పెరుగన్నం పెట్టా, గసగసాలు పోశా. గంట మోగిందంటే దేవుడొచ్చి జోకొట్టినా ఆయన రెప్ప వాల్చడు. దీనికి నేను సాక్ష్యం!"

సాక్ష్యం అన్న మాటకు వామనమూర్తి నిటారుగా లేచి కూర్చున్నాడు. ఆ శాఖలో ఎవరికైనా ఆ మాట చెవిన పడితే ప్రాణం లేచొస్తుంది. గబగబా కమిషనర్ గారి చెవిలో ఏదో ఊదాడు. ఊదింది ఇదీ. ఆడిట్ వారు అభ్యంతరం పెట్టారు. మస్తాను తెచ్చిన నలుగురు సాక్షులూ అందరి నిద్రా చూసి చూసి తామే తూగుతున్నారట. తూగే సాక్షి సాక్ష్యం తూగదు. ఇప్పటిదాకా పడిన నిద్రలన్నీ అనుమానాస్పదమని ఆడిట్ వారు రాశారు.

కమిషనర్ గారు ఎత్తిన కలం గాల్లోనే ఆగిపోయింది.

"గంట కొడితే నిద్రపోని మనిషి!" అన్నారు మెల్లగా. "శాఖ మొత్తంలో ఒక్కడు!"

మద్దిలోవ కాగితం చిరిగింది. కొత్త కాగితం మీద కొత్త పదవి పుట్టింది. 'శాశ్వత విశ్రాంతి సాక్షి'. పానకాలు చేతులు జోడించాడు.

"శాశ్వత విశ్రాంతి అంటే... నేనింకా బతికే ఉన్నానండి."

"శాశ్వత అన్నది సాక్షికి చెందిన విశేషణమయ్యా, విశ్రాంతికి కాదు" అని వామనమూర్తి భరోసా ఇచ్చాడు. "ఇక నీకు వేరే పని లేదు. విశ్రాంతి గంట కొట్టినప్పుడు కళ్లు తెరుచుకుని కూర్చోవడమే నీ ఉద్యోగం."

ఉత్తర్వు చివర కమిషనర్ గారు తమ చేత్తోనే ఒక నిబంధన చేర్చారు. 'సాక్షి నిద్రించినచో సదరు నిద్రలన్నియు చెల్లనేరవు. సిబ్బంది తిరిగి నిద్రించవలెను. చెల్లుబాటగు నిద్ర పూర్తియగు వరకు పని గంట మోగించరాదు.'

ఆ సాయంత్రం వెంకాయమ్మ వచ్చినవాళ్లందరికీ పొట్లంతో పాటు మైసూరుపాకు ముక్క పెట్టింది. కొట్టు నిలిచింది. మొగుడు నిలిచాడు. మస్తాను రెండు ముక్కలు అడిగి తీసుకుని, "వెంకాయక్కా, అన్నని ఎట్టా లేపుతావో అనుకునేవాణ్ణి, పైకే లేపావు గదా" అన్నాడు.

మర్నాడు పానకాలు కొత్త హోదాలో కూర్చున్నాడు. గది మధ్యలో ఎత్తు కుర్చీ వేశారు. అందరూ కనబడతారు. ఏసోబు గంట కొట్టి "విశ్రాంతీ!" అన్నాడు. తలలు వాలాయి.

పానకాలు కళ్లు పెద్దవి చేసుకుని చూశాడు. ఇదీ తన పని. పెద్ద పని, బాధ్యత గల పని. సాక్షాత్తు కమిషనర్ గారు నమ్మి అప్పగించిన పని. ఇన్ని నిద్రలు తన కళ్ల మీద ఆధారపడి ఉన్నాయి. అలా పని ఎదురుగా కొండలా నిలబడగానే, ఎక్కణ్ణుంచో తెలిసిన అడుగుల చప్పుడులాంటిది వినిపించింది. వద్దువద్దనుకుంటూనే గడ్డం ఛాతీ దాకా దిగింది. రెప్పలు మూతపడ్డాయి. విశ్రాంతి వేళ నిద్రపోలేనివాడు పని వేళ ఆగలేడు కదా, ఇప్పుడు విశ్రాంతి వేళే ఆయనకు పని వేళ అయిపోయింది.

"సార్! సాక్షి పడుకున్నాడు!" నిశాంత్ కేక పెట్టాడు.

నిబంధన ప్రకారం అందరి నిద్రలూ రద్దయ్యాయి. అందరూ మళ్లీ పడుకున్నారు. సాక్షిని కుదిపి లేపారు. లేచాడు, తన బాధ్యత గుర్తు తెచ్చుకున్నాడు, ఆ బాధ్యత బరువుకే మళ్లీ ఒరిగాడు. నిద్రలు మళ్లీ రద్దు. మూడోసారి, నాలుగోసారి. మధ్యాహ్నానికి సిబ్బందికి నిద్ర బకాయిలు పేరుకుపోయాయి. పని గంట మోగలేదు. మోగడానికి వీల్లేదు. ఏసోబు గంట ఒళ్లో పెట్టుకుని తనూ బకాయి తీరుస్తున్నాడు.

నిశాంత్ మరో బదిలీ కాగితం తయారుచేసి వామనమూర్తి ముందు పెట్టాడు.

"సంతకం పెట్టండి సార్. సాక్షిని మద్దిలోవ పంపేద్దాం."

వామనమూర్తి ఒక కన్ను మాత్రం తెరిచాడు.

"సంతకం పెట్టుట పనియా, విశ్రాంతియా?"

"పనే సార్."

"పని గంట మోగినదా?"

"లేదు సార్."

"అయితే పని వేళ రానీ" అని ఆ కన్ను కూడా మూశాడు. కాసేపు నిలబడిన నిశాంత్, కాళ్లు పీకుతుంటే కుర్చీలో కూర్చున్నాడు. కూర్చున్నాక టై వదులు చేసుకున్నాడు. ఆ తర్వాత టార్చి చేతిలోంచి జారి బల్ల కిందికి దొర్లిపోయింది.

బయట కక్షిదారులు పెరిగారు. నిన్నటివాళ్లు ఇంకా ఉన్నారు, ఇవాళ్టివాళ్లు వచ్చి చేరారు, కిటికీ వేళ మీద ఆశపెట్టుకున్నవాళ్లు వాళ్ల బంధువుల్ని కూడా తెచ్చుకున్నారు. వెళ్లిపోతే వరుస పోతుంది, కూర్చుంటే కడుపు మాడుతుంది. జనమంతా గేటు దాటి ఎదురు కొట్టు మీద పడ్డారు. వెంకాయమ్మ పొద్దున వండిన అన్నం అయిపోయి రెండోసారి ఎసరు పెట్టింది. మూడోసారి పెట్టింది. వంకాయలు అయిపోతే దోసకాయ పప్పు, అదీ అయిపోతే చారూ అప్పడాలూ. మస్తాను దస్తావేజులు పక్కన పెట్టి విస్తళ్లు అందిస్తున్నాడు.

"ఎప్పుడు తెరుస్తారమ్మా?" చెమట తుడుచుకుంటూ అడిగాడొక పెద్దాయన.

"వాళ్ల నిద్ర పూర్తయితే తెరుస్తారంట బాబాయ్. ముందు నువ్వు కూర్చో, పప్పు వేడిగా ఉంది."

"ఆ నడిమధ్యన కుర్చీలో పడుకున్నాయన మూలానేనంట గదా ఇదంతా? ఎవరన్నా నాలుగు కేకలేసి లేపరేంది?"

వెంకాయమ్మ చేతిలో గరిటె ఆగింది. పెద్దాయన్ని పైనుంచి కిందికి ఒకసారి చూసింది. గరిటె మస్తాను చేతికిచ్చి, పమిట దోపుకుని, రోడ్డు దాటి ఆఫీసు కిటికీ దగ్గరికెళ్లింది. లోపల ఎత్తు కుర్చీలో పానకాలు చంటిపిల్లాడిలా నిద్రపోతున్నాడు. పడమటి ఎండ ఏటవాలుగా మొహం మీద పడుతోంది. ఆమె ఊచల్లోంచి చెయ్యి పెట్టి, చప్పుడు కాకుండా కిటికీ రెక్క దగ్గరకి వేసింది.

వెనక్కి తిరిగి, నోటి మీద వేలుంచుకుని వరండా అంతటికీ చెప్పింది.

"ఎవరూ అరవమాకండి. ఆయన డ్యూటీలో ఉన్నాడు."